తాత చెప్పిన చరిత్ర, పహాణీ చెప్పని చరిత్ర

ప్రతి సెప్టెంబరు 17న నల్గొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల పొద్దున్నే జెండాలు ఎగురుతాయి. ఒక పార్టీవాళ్లు విమోచన దినం అంటారు. ఇంకో పార్టీవాళ్లు విలీన దినం అంటారు. విద్రోహ దినం అనేవాళ్లూ ఉన్నారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని జాతీయ సమైక్యతా దినోత్సవం అంది, అదే రోజు కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్‌లో విమోచన దినం జరిపింది. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక 2024లో అదే తేదీ ప్రజాపాలన దినోత్సవం అయింది. 2022లో ఆరో తరగతి చదివిన పిల్ల అప్పటికి ఎనిమిదికి వచ్చి ఉంటుంది. ఆ పిల్ల "ఇంతకీ ఆ రోజు ఏమైంది?" అని అడిగితే చాలా ఇళ్లలో వచ్చే జవాబు ఒకటే: "అవన్నీ రాజకీయాలు బిడ్డా, నువ్వు పరీక్షకు చదువుకో."

పిల్ల అడిగింది రాజకీయం కాదు. ఆ రోజు జరిగినదాని మీద పెద్ద తగాదా కూడా లేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాల్పులు ఆపుతున్నట్టు ప్రకటించాడు. మర్నాడు ఆయన సేనాధిపతి ఎల్ ఎడ్రూస్, భారత సైన్యం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయాడు. ఇంతవరకు ఎవరిని అడిగినా ఒకటే మాట. గొడవంతా పేరు దగ్గరే.

పేరులో ఒక వాక్యం దాగి ఉంటుంది. విమోచన అనగానే అంతకు ముందు చెరలో ఉన్నామని చెప్పినట్టు. విలీనం అంటే ఒక సంస్థానం ఒక దేశంలో కలిసిందని మాత్రమే. ఆ రోజు ఎవరు నవ్వారో ఎవరు ఏడ్చారో ఆ మాట చెప్పదు. విద్రోహం అనేవాళ్ల లెక్క వేరు: దున్నేవాడి చేతికి వచ్చిన భూమిని మళ్లీ దొరల చేతిలో పెట్టడానికే సైన్యం వచ్చిందని వాళ్ల వాదన. ఇక పాఠ్యపుస్తకాల్లో అలవాటైపోయిన 'పోలీసు చర్య' సంగతి మరీ చిత్రం. ట్యాంకులతో, విమానాలతో వచ్చిన సైన్యానికి పోలీసు పేరెందుకు పెట్టారు? అప్పటికే హైదరాబాద్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసి ఉంది. యుద్ధం అంటే రెండు దేశాల తగువు అవుతుంది. పోలీసు చర్య అంటే మన వాకిట్లో గొడవను మనమే సర్దుకున్నట్టు ఉంటుంది. సైన్యం తన కాగితాల్లో రాసుకున్న పేరు ఆపరేషన్ పోలో. ఊళ్లలో ముసలివాళ్లు ఇవేవీ అనరు, "రజాకార్ల కాలం" అంటారు. రజాకార్లంటే నిజాం పక్షాన ఊళ్ల మీద పడిన ప్రైవేటు సేన.

పదేళ్ల పిల్లకు ఇంతకన్నా మంచి మొదటి పాఠం దొరకదు. ఒక తెల్లకాగితం మీద ఈ పేర్లన్నీ వరసగా రాసి, ఒక్కోదాని పక్కన రెండే ప్రశ్నలు: ఈ పేరు ఎవరు పెట్టారు? ఈ పేరు వింటే ఎవరు నొచ్చుకుంటారు? రెండో ప్రశ్నకు పిల్లలు పెద్దవాళ్లకన్నా తొందరగా జవాబు చెప్తారు. బళ్లో మారుపేర్లు పెట్టేదీ, పెట్టించుకునేదీ వాళ్లే కదా.

ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు ఒక తొందర నిర్ణయానికి వస్తారు. పక్షపాతం ఉంటే ఆ పుస్తకం పక్కన పెట్టాలి, పక్షపాతం లేనిది వెతికి చదివించాలి అని. అలాంటిది దొరకదు. దొరికిందని ఎవరైనా అంటే, అది తమ అభిప్రాయంతో కలిసిందన్నమాట. పక్షపాతం ఉన్న ఆధారంలోంచి కూడా నిజం తీయొచ్చు, చాలాసార్లు ఆ పక్షపాతంలోంచే తీయొచ్చు. దాన్ని పిల్లలకు చూపించడానికి రోడ్డు మీది ఫ్లెక్సీ చాలు. దేవరకొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఒక నాయకుడి పుట్టినరోజుకు చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ మీద 'పేదల పెన్నిధి' అని ఉంటుంది. ఆయన పేదల పెన్నిధి అవునో కాదో ఆ ఫ్లెక్సీ చెప్పలేదు. కానీ కింద వరసగా ఉన్న చిన్న ఫొటోలు చూస్తే ఎవరు ఎవరి వర్గమో, ఎవరికి ఏ పదవి మీద ఆశ ఉందో, ఎవరి ఫొటో ఈ ఏడు ఎగిరిపోయిందో తెలుస్తుంది. ఫ్లెక్సీ తనకు తెలియకుండానే చెప్పే నిజం అది.

రాజుల ప్రశస్తి శాసనాలు, సంస్థానాల కవులు రాసిన పద్యాలు అలాంటివే. గద్వాల సంస్థానానికి 'విద్వద్గద్వాల' అని పేరు. కవులకు ఏటా సత్కారాలు చేసి పంపేవారు. వార్షికం పుచ్చుకున్న కవి ప్రభువును ఇంద్రుడితో పోల్చడం వింత కాదు. ఆ పద్యం చదివి గద్వాల రాజు సోమభూపాలుడు ఎంత గొప్పవాడో తేల్చుకోవడం తెలివితక్కువ. రాజు ఏ విషయంలో పొగిడించుకోవాలని అనుకున్నాడో తేల్చుకుంటే మాత్రం పద్యం పనికొస్తుంది. వనపర్తి సంస్థానం రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. ఆ గోడలు చూపించి, ఇది కట్టడానికి డబ్బు ఎక్కడిది, శిస్తు కట్టింది ఎవరు అని అడిగితే, పద్యంలో లేని మనుషులు పిల్లల కళ్లముందుకు వస్తారు.

కొంచెం దగ్గరగా చూడాల్సినది దాన శాసనం. నల్గొండకు ఆనుకునే ఉన్న పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం ఉన్నాయి, పక్కనే మ్యూజియం ఉంది. ఆదివారం పూట పిల్లల్ని తీసుకెళ్తే ఎక్కువమంది ఛాయా సోమేశ్వరుడి మీద పడే నీడ చూసి, 'శాస్త్రవేత్తలకే అంతుచిక్కని రహస్యం' అని యూట్యూబులో విన్నది చెప్పుకుని తిరిగొస్తారు. స్తంభాల అమరిక వల్ల, వెలుతురు లోపలికి వచ్చే దారుల వల్ల పడే నీడ అది. ఇంట్లో చీకటి గదిలో రెండు టార్చిలు, నాలుగు గ్లాసులు పెట్టి ఆడుకుంటే పిల్లలకు సగం అర్థమవుతుంది. అసలు రహస్యం మ్యూజియంలో రాళ్ల మీద ఉంది, దాని ముందు మాత్రం ఎవరూ ఆగరు.

మన ప్రాంతంలో దొరికే దాన శాసనాలు చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తాయి. ముందు దేవుడి స్తుతి, తర్వాత రాజు బిరుదులు, ఆ తర్వాత ఫలానా గుడికి ఫలానా చెరువు కింద ఇంత భూమి ఇచ్చామని. చివర్లో తరచుగా ఒక శాపం ఉంటుంది. తాను ఇచ్చినదైనా సరే, ఇతరులు ఇచ్చినదైనా సరే, దానభూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని సంస్కృత శ్లోకం. తెలుగులో చెక్కినవాటిలో గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతాడని కూడా కనిపిస్తుంది.

పిల్లలు ఈ పురుగు మాట దగ్గర పగలబడి నవ్వుతారు. నవ్వనివ్వాలి. నవ్వయ్యాక అడగాల్సిన ప్రశ్న: ఎవరూ భూమి కాజేయని ఊళ్లో ఇంత పెద్ద తిట్టు రాయి మీద చెక్కించాల్సిన అవసరం ఏముంది? గోడ మీద 'ఇక్కడ మూత్రం పోయరాదు' అని రాసి ఉంటే ఆ గోడ దగ్గర జరిగేది ఏమిటో ఎనిమిదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. శాసనం కూడా అంతే. రాజు తన దానగుణం చెప్పుకోవడానికి చెక్కించాడు. దానభూములకు రక్షణ లేదని, ఇచ్చినవాడి వారసులే తిరిగి లాక్కునేవారని అందులోంచి బయటపడింది. 'తాను ఇచ్చినదైనా' అన్న మాట ఊరికే పడలేదు. రాజు చెప్పదలుచుకున్నది ఒకటి, రాయి చెప్పింది రెండు.

పానగల్లు ఉదయసముద్రం చెరువు గట్టు మీద నిలబడ్డప్పుడు ఇంకో ప్రశ్న. చెరువు కందూరు చోడ రాజుల నాటిదని చెప్తాం. తట్టలు మోసింది ఎవరు? అక్కణ్నుంచి నాగార్జునసాగర్‌కు వెళ్తే అదే ప్రశ్న మళ్లీ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఈ రెండు పేర్లూ పిల్లల పుస్తకాల్లో ఉంటాయి. రాతి కట్టడం అది, యంత్రాలకన్నా మనుషులే ఎక్కువ పని చేశారు. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీలు ఉండేవారని మహబూబ్‌నగర్ జిల్లాలో చెప్పుకుంటారు. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లిన ఆ మనుషుల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఎక్కలేదు. మన ఇంట్లోనో పక్కింట్లోనో అలా వలసపోయిన తాత ఉంటే ఆయనే ఆధారం. శ్రీశైలం ముంపుదీ ఇదే తీరు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ కట్టిన సంగతి పుస్తకాలకు ఎక్కింది. గుడితో పాటు నీళ్లలో పోయిన ఊళ్ల సంగతి ఇంకా ఎక్కువగా మనుషుల నోళ్లలోనే ఉంది.

అయితే తాత నోటి మాట వినగానే అదే నిజమని ముచ్చట పడితే ఇంకో గోతిలో పడ్డట్టే. ఇంట్లో చరిత్ర చెప్పడంలో అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. పాఠ్యపుస్తకంలో తప్పు పట్టడం తేలిక. అది రాసినవాళ్లు ఎవరో మనకు తెలియదు. రాజుగారి శాసనాన్ని ఎగతాళి చేయడం ఇంకా తేలిక, ఆయన వచ్చి అడగడు. సొంత నాయనమ్మ చెప్పిన కథలో ఏ ముక్క మిగిలిపోయిందో చూడమని పిల్లలకు చెప్పడం కష్టం.

మొదట తేలాల్సింది, ఆ కథ ఎన్ని నోళ్లు దాటి వచ్చిందన్నది. 1948లో పదేళ్లున్న పిల్లాడు ఇప్పుడు తొంభైకి దగ్గర పడి ఉంటాడు. కాబట్టి ఈనాటి తాతల్లో ఎక్కువమంది ఆ రోజులు చూసినవాళ్లు కారు, వాళ్ల నాయిన చెప్పగా విన్నవాళ్లు. "రజాకార్లొచ్చి గడ్డివాముకు అగ్గి పెట్టిన్రు" అని తాత చెప్పినప్పుడు, "నువ్వు చూసినవా తాతా?" అని పిల్ల అడగడం పొగరు కాదు. అడిగే పద్ధతి నేర్పితే తాతకూ కోపం రాదు. "నేనెక్కడ చూసిన బిడ్డా, అప్పటికి నేను పుట్టనే లేదు. మా నాయిన చెప్పేటోడు" అని ఆయనే అంటాడు. నోటుబుక్కులో ఆ ముక్క కూడా రాసుకోవాలి: ఎవరు చెప్పారు, వాళ్లకు ఎవరు చెప్పారు, అప్పుడు వయసెంత, ఏ తేదీన అడిగాం. రెండేళ్ల తర్వాత అదే తాతను అదే సంగతి అడిగితే కథ కొంచెం మారి ఉంటుంది. గడ్డివాము కాస్తా ఇల్లు అయి ఉంటుంది. తాత అబద్ధమాడాడని దానర్థం కాదు. ఈ మధ్యలో ఆయన రజాకార్ల మీద ఏదో సినిమా చూసి ఉంటాడు, లేదా ఏ మీటింగులోనో ఎవరిదో ప్రసంగం విని ఉంటాడు. జ్ఞాపకంలో అవి కలిసిపోతాయి.

రెండోది, ఆ ఇల్లు ఊళ్లో ఎక్కడుందన్నది. గడీకి, అంటే దొర కోటలాంటి ఇంటికి, దగ్గరి ఇంట్లో చెప్పే కథ, వాడకట్టు చివర చాకలి, మంగలి, మాదిగ ఇళ్లలో చెప్పే కథ, ఊళ్లో ఉన్న రెండు ముస్లిం కుటుంబాలు చెప్పే కథ ఒక్కటిగా ఉండవు. మొదటి ఇంట్లో "సంగపోళ్లు (దొరలకు ఎదురు తిరిగిన సంఘంవాళ్లు) రాత్రిపూట వచ్చి ధాన్యం ఎత్తుకపోయిన్రు" అంటారు. రెండో ఇంట్లో "సంఘం వచ్చినంక వెట్టి (కూలి లేని చాకిరీ) బంద్ అయింది" అంటారు. మూడో ఇంట్లో "యూనియన్ మిలటరీ వచ్చినంక మా వోళ్లు ఊరిడిచి పోయిన్రు" అని చెప్పి ఊరుకుంటారు, ఎక్కువ అడిగితే చెప్పరు కూడా. మూడూ జరిగినవే. మన పిల్లలు పుట్టిన ఇంటిని బట్టి మూడింటిలో ఒకటే వింటూ పెరుగుతారు.

ఇది హిందూ ముస్లిం కథ అని ఇంట్లో చెప్పేవాళ్లు ఎక్కువ. ఈ జిల్లా చరిత్రే ఆ లెక్కను తప్పని చూపిస్తుంది. అప్పటి నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి) రామచంద్రారెడ్డి హిందువు. ఆయనతో భూమి కోసం కోర్టులో పోరాడి, హత్యకు గురైన షేక్ బందగీ ముస్లిం రైతు. అదే దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో 1946 జులై 4న కడవెండిలో చనిపోయిన దొడ్డి కొమరయ్య గొల్ల కురుమల బిడ్డ. అదే దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి పాలకుర్తిలో తన పంటను కాపాడుకున్న ఐలమ్మ చాకలి కులస్థురాలు. హైదరాబాద్‌లో రజాకార్లను తన 'ఇమ్రోజ్' పత్రికలో తిట్టిపోసి, 1948 ఆగస్టులో హత్యకు గురైన సంపాదకుడు షోయబుల్లా ఖాన్. ఈ ఐదు పేర్లూ ఒక కాగితం మీద రాసి, ఎవరు ఎవరి పక్షం అని గీతలు గీయమంటే, మతం వారీగా గీసిన గీత ఒక్క నిమిషం కూడా నిలవదు. (కడవెండి, పాలకుర్తి ఈనాటి నల్గొండ మ్యాపులో పిల్లలకు దొరకవు. జనగామ తాలూకా ఎప్పుడో వరంగల్ జిల్లాలోకి పోయింది, ఇప్పుడు సొంత జిల్లా. మ్యాపు కూడా ఒక తేదీ ఉన్న కాగితమేనని చెప్పడానికి ఇది మంచి సందు.)

రజాకార్ల ఘోరాలు చెప్పే ఇల్లు దాని తర్వాతి అధ్యాయం కూడా చెప్పాలి. సైన్యం వచ్చాక జరిగిన హింసను చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. 1948 చివర్లో తిరిగిన ఆ బృందం, చనిపోయినవాళ్లు కనీసం 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. నష్టం ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగింది. నివేదిక 2013 దాకా జనానికి అందుబాటులోకి రాలేదు. అరవై ఏళ్లకు పైగా ఒక కాగితం ఎందుకు అల్మారాలోనే ఉండిపోయిందని అడగడం పద్నాలుగేళ్ల పిల్లలకు తగిన ప్రశ్నే. ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఈ అంకెలు, చంపడాలు అక్కర్లేదు. "అప్పుడు రెండు పక్కలా భయపడ్డవాళ్లున్నారు, ఇళ్లు వదిలి పోయినవాళ్లున్నారు" అంటే ఆ వయసుకు చాలు. అబద్ధం చెప్పకుండా తక్కువ చెప్పొచ్చు.

పోరాటం లోపలివాళ్ల పుస్తకాలైనా ఒక మాట మీద ఉంటాయనుకుంటే అదీ లేదు. పుచ్చలపల్లి సుందరయ్య, రావి నారాయణరెడ్డి ఇద్దరూ కమ్యూనిస్టులే, ఇద్దరూ తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకులే. అప్పటి నల్గొండ జిల్లా బొల్లేపల్లి బిడ్డ రావి నారాయణరెడ్డి 1952 లోక్‌సభ ఎన్నికల్లో నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో నల్గొండలో గెలిచాడు. సైన్యం వచ్చాక 1951 దాకా పోరాటం సాగించడం సరైనదేనా అన్న దగ్గర ఇద్దరి రాతలూ ఎదురెదురు. సుందరయ్య సమర్థించాడు, రావి నారాయణరెడ్డి ఆపాల్సిందన్నాడు. వాళ్లు ఆ పుస్తకాలు రాసేనాటికి పార్టీ రెండుగా చీలి ఉంది, ఇద్దరూ చెరో పక్క ఉన్నారు. ఆ ఒక్క సంగతి తెలిస్తే రెండు పుస్తకాలూ వేరేగా చదువుకుంటాం. ఇక ఇద్దరి పుస్తకాల్లోనూ సరిగా వినపడని గొంతులు 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఉన్నాయి. పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లే తమ మాటల్లో చెప్పుకున్నది అది. తుపాకులు, దళాలతో పాటు ఎవరికో ఇచ్చేసి వెళ్లాల్సి వచ్చిన పసిపిల్లలు, పోరాటం అయిపోయాక "ఇక ఇంటికి పోండి" అనిపించుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో ఇంటర్ చదివే ఆడపిల్ల ఉంటే ముందు అదే చేతికివ్వాలి.

పక్షపాతానికి జవాబు ఎలా ఇవ్వాలో కూడా పాలమూరు గడ్డ మీద పుట్టినాయనే చూపించాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్నా, అని ఒకాయన రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి తిట్లతో జవాబివ్వలేదు. గోలకొండ పత్రిక నడుపుతున్న ఆయన కవుల వివరాలు పంపమని అడిగి, 354 మంది కవుల పద్యాలతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశాడు. ఎదుటివాడి వాదన పడిపోయింది. తర్వాత 1949లో ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలు వెనక్కిపోయి, జనం తిన్న తిండి, కట్టుకున్న బట్ట, ఆడిన ఆటలు ముందుకొచ్చాయి. తెలుగుకు మొదటి సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది ఆ పుస్తకమే. అందులోంచి పిల్లల ఆటల ముచ్చట్లు చదివి వినిపిస్తే ఐదో తరగతి పిల్లలు కూడా కదలకుండా వింటారు. ఆయన ఆధారాలు ఎక్కువగా కావ్యాలు కాబట్టి, కావ్యం రాసినవాడి కులం, కొలువు ఏమిటన్న ప్రశ్న ఆయనకూ వర్తిస్తుంది. సొంత జిల్లావాడని వదిలిపెట్టనక్కర్లేదు.

ఇదంతా చదివాక ఏ తల్లికైనా వచ్చే టెన్షన్ ఒకటే: పరీక్షలో ఏం రాయాలి? నిజమైన ఇబ్బందే, దాన్ని తీసిపారేయడం తగదు. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయాలి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఆ జవాబుకు ముందు మనసులో 'ఈ పుస్తకం ప్రకారం' అని చేర్చుకోవడం నేర్పితే చాలు. పుస్తకాలు మారతాయనడానికి రుజువు ఇంట్లోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో పదో తరగతి చదివిన తండ్రి పుస్తకంలో తెలంగాణ ఉద్యమం పాఠం లేదు. 2014 తర్వాత వచ్చిన పదో తరగతి సాంఘికశాస్త్రంలో దానికి ఏకంగా ఒక పాఠం ఉంది. పక్కింట్లో సీబీఎస్ఈ చదివే పిల్లాడి సంగతి వేరు. 2023 నుంచి వాళ్ల పన్నెండో తరగతి చరిత్రలో మొఘల్ దర్బారుల పాఠం తీసేశారు. ఒకే గల్లీలో ఇద్దరు పిల్లలు రెండు వేర్వేరు గతాలు చదువుతున్నారు. ఆదివారం ఇద్దర్నీ కూర్చోబెట్టి రెండు పుస్తకాల విషయసూచికలు పక్కపక్కన పెడితే, ఏ పాఠం ఎక్కడ లేదో వాళ్లే వేలు పెట్టి చూపిస్తారు.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది, ఈమధ్య ఇదే ఎక్కువ. ఎవడి కథ వాడిది, అంతా అబద్ధాలే అన్న చోటికి పిల్లలు చేరిపోతారు. పదిహేనేళ్లకు ఆ మాట చాలా తెలివైన మాటలా వినిపిస్తుంది. దానికి మందు తేదీలు, పేర్లు, ఊళ్లు. కొమరయ్య చనిపోయాడా లేదా అన్నదాని మీద రెండు అభిప్రాయాలు లేవు. వెట్టి ఉండేదా అన్నదాని మీద కూడా లేవు. వెట్టికి 'రెండో వైపు' వెతకడం న్యాయం కాదు, సోమరితనం. ఒక దొర ఊరికి బావి తవ్వించి ఉండొచ్చు, బడికి స్థలం ఇచ్చి ఉండొచ్చు. ఆయన మనవడికి తాత అంటే ప్రేమ ఉండటంలో తప్పూ లేదు. ఆ బావిలో నీళ్లు ఎవరు తోడారు, కూలి ఇచ్చారా అని అడిగితే ఆ ప్రేమకు నష్టమేమీ రాదు.

ఇక మిగిలింది ఇంట్లో ట్రంకుపెట్టె. పాత పెళ్లి శుభలేఖల కింద, రేషన్ కార్డుల కింద చాలా ఇళ్లలో ఒక పహాణీ (ఊరి భూమి రికార్డు) నకలు ఉంటుంది. భూమి తగాదా ఏదైనా వచ్చినప్పుడు 1954-55 ఖాస్రా పహాణీ తీయమంటారు, తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చిన కాగితం అది. అంతకు ముందువైతే ఫస్లీ సంవత్సరాలు, అంటే నిజాం కాలం నాటి శిస్తు లెక్కల సంవత్సరాలు, ఉంటాయి. 590 కలిపితే మన సంవత్సరం వస్తుందని చెప్తే పిల్లలు లెక్క కట్టడానికి ఎగబడతారు. 1355 ఫస్లీ అంటే 1945-46.

ఈ కాగితం పక్షపాతం లేనిదిలా కనిపిస్తుంది. అందులో పొగడ్త లేదు, శాపం లేదు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు మాత్రమే ఉంటాయి. కొంచెం ఆగి చూడాలి. ఒక కాలమ్‌లో పట్టాదారు పేరు, ఇంకో కాలమ్‌లో అనుభవదారు పేరు. రెండూ ఒకటే అయితే సరే. కానివైతే, పట్టా ఎవరిదో దున్నింది ఎవరో రెండు గళ్లలో రెండు పేర్లు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. రాసింది పట్వారీ, ఊరి భూమి లెక్కలు చూసేవాడు. పట్వారీ ఎవరి అరుగు మీద కూర్చుని రాశాడన్నది ఆ కాగితం చెప్పదు, ఊరు చెప్తుంది. భార్యల పేర్లు అరుదు. కూలికి వచ్చినవాళ్ల పేర్లు ఏ గడిలోనూ లేవు. వెట్టికి రశీదు ఉండదు, కాబట్టి వెట్టి ఆ కాగితంలో జరగనే లేదు. 2020లో ధరణి (రాష్ట్ర ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైట్) వచ్చాక అనుభవదారు కాలమ్‌నే తీసేశారు. ఒక గడి చెరిపితే ఒక మనిషి ఎలా మాయమవుతాడో పిల్లలకు చెప్పడానికి పాత కాగితం, ధరణి నాటి కాగితం పక్కపక్కన పెడితే చాలు, వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

పిల్లలు సాధారణంగా మొదట తమ ఇంటి పేరు వెతుకుతారు. పట్టాదారు కాలమ్‌లో తాత పేరు కనిపించగానే సంబరపడతారు. పక్క గడిలో, అనుభవదారు దగ్గర, ఇంకెవరిదో పేరు ఉంటుంది. లేదా తాత పేరు అనుభవదారుగా ఉండి, పట్టా దొర పేరున ఉంటుంది. "ఈయనెవరు? ఇప్పుడు వాళ్లిల్లు ఏది?" అని పిల్ల అడుగుతుంది. తాతకు తెలుసు. వాళ్లిల్లు ఊరి చివర ఉండేది, ఆ కుటుంబం ఎప్పుడో పట్నం పోయింది, ఆ భూమి ఎంతకు, ఎలా చేతులు మారిందో కూడా తెలుసు. నోటుబుక్కు తెరిచి ఉంది, పిల్ల చేతిలో పెన్ను ఉంది. ఆ పూట ఇంట్లోవాళ్లు చెప్పబోయేది కూడా ఒక ఆధారమే, దాని కింద తేదీ, చెప్పినవాళ్ల పేరు రాసుకోవాలి.